బయానా ఇచ్చే ముందు

ఆసిఫాబాద్ దాటి కెరమెరి రోడ్డెక్కారు. బ్రోకర్ బండి ముందు పోతోంది, వెనక మీరు. ఓ ఏజెన్సీ ఊరి మొదట్లో ఆగాడు. ఇదే ఇల్లు.

దర్వాజ ఎత్తు తక్కువ, తల వంచి రండి. బయట ఎండ మండుతున్నా లోపల చల్లగా ఉంది. పైన గూన పెంక, దాని కింద టేకు వాసాలు. ఓ మూల గోడ మీద సన్నటి మట్టి గీత పైకి పాకింది. గోరుతో గీరితే పొడి రాలింది. చెదలు! తాళం చెవితో వాసం చివర గట్టిగా పొడిచి చూడండి. దిగలేదు. కర్ర గట్టిదే.

"గూన సదిరిస్తే చాలు సార్, ఇంకో యాభై ఏండ్లుంటది."

ధర కూడా మీకు అందేదే. పట్నంలో ఇన్నాళ్లు కట్టిన కిరాయి గుర్తొస్తోంది. వెనక చేదబావి ఉంది, నీళ్లు పైకే ఉన్నాయి. ఇంట్లోవాళ్లకు ఫోను చేసి చెప్పాలనిపిస్తోంది.

ఆగండి, కాగితాలు చూడండి.

అమ్మే ఆయన ట్రంకు పెట్టె తెరిచాడు. ఇంటి పన్ను రసీదులున్నాయి, కరెంటు బిల్లు ఉంది. అడుగున, మడతల దగ్గర చినిగిన సాదా కాగితం ఒకటి. పైన 1974 అని వేసి ఉంది. దుకాణం బాకీ కింద ఈ జాగా ఆయన తండ్రికి ఇచ్చినట్టు రాత. రిజిస్ట్రేషన్ ముద్ర లేదు. చివర ఓ వేలిముద్ర, పక్కన పేరు. ఇంటిపేరు ఆత్రం.

ఆత్రం గోండుల ఇంటిపేరు.

అయితే ఏమిటంటారా? జపాన్‌లో పాత అపార్ట్‌మెంట్ కొనేవాళ్లు, 1981 జూన్‌కు ముందుదా తర్వాతదా అని చూస్తారు. భూకంప నిబంధనలు మారింది అప్పుడే. ఇక్కడ 1970కి అంత విలువ. ఏజెన్సీలో భూ బదలాయింపు నిబంధన 1959 నాటిది, 1963లో తెలంగాణకూ వచ్చింది. 1970లో దాన్ని బిగించారు. అదే అందరి నోటా వినిపించే 1/70. దాని ప్రకారం ఏజెన్సీ ఊళ్లో స్థిరాస్తిని గిరిజనేతరుడికి అమ్మితే చెల్లదు. అమ్మేది గిరిజనేతరుడైనా అంతే. సుప్రీంకోర్టు 1988లో దీన్ని సమర్థించింది. ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా అధికారి తనంతట తానే కేసు తీసుకోవచ్చు. ఖాళీ చేయించి, జాగాను గిరిజనుడికో వారసులకో తిరిగి ఇప్పించవచ్చు.

మీరొచ్చిన ఈ దారే జోడేఘాట్ వైపు పోతుంది. 1940లో కుమురం భీం ప్రాణమిచ్చింది ఈ నేల మీద హక్కు కోసమే. ఆయన పోయాక కూడా ఎన్నో జాగాలు ఇలాగే, బాకీ లెక్కల్లో చేతులు మారాయి. ఆ వేలిముద్ర ఇంకోసారి చూడండి. ఇల్లు చవగ్గా దొరకడానికి కారణం అదే.

బ్రోకర్ దగ్గరికి జరిగాడు. "నోటరీ చేయిద్దాం సార్. ఈడ అందరు గట్లనే కొన్నరు."

నోటరీతో ఇల్లు మీది కాదు.

"రాత్రికి నిర్మల్ పార్టీ వస్తున్నది. బయానా ఇప్పుడే ఇయ్యాలె."

స్టాంపు కాగితం ముందుకొచ్చింది. పెన్ను వచ్చింది. జేబులో నోట్ల కవరు బరువుగా ఉంది. ఇద్దరూ మిమ్మల్నే చూస్తున్నారు. చెమట పడుతోంది. ఇస్తారా?

ఇవ్వొద్దు.

పెన్ను కింద పెట్టండి. "అన్నా, ఏమనుకోకు, నేను కొన" అని చెప్పి లేవండి. నొచ్చుకుంటాడు, నొచ్చుకోనివ్వండి.

ఇంకో ఇల్లు చూడాల్సిందే. ఈసారి వాసాల కంటే ముందు సర్వే నంబరు అడగండి. ఆ ఊరు ఏజెన్సీలో ఉందో లేదో తహసీల్దార్ ఆఫీసులో కనుక్కోండి, పాత పహాణీలో పట్టాదారు పేరు చదవండి. ఏజెన్సీ బయటిదని తేలితేనే లింకు డాక్యుమెంట్లు, ఈసీ తీయించండి. రిజిస్ట్రేషన్‌కు విలువలో ఏడున్నర శాతం దాకా అవుతుంది, అదీ లెక్కలో ఉంచుకోండి. బయానా మాట ఆ తర్వాతే.