ఆగని పండు, ఆపిన గీత

పుదుచ్చేరి నుంచి దిండివనం పోయే దారిలో ఊరి చివరిది గోరిమేడు. అది దాటితే తమిళనాడు. చుట్టూ ఎర్రమట్టి మెట్ట. ఎండాకాలం వచ్చిందంటే ఆ చుట్టుపక్కల నేలల కాపంతా ఇలాంటి రోడ్లు పట్టుకునే పట్నానికి రావాలి. దిండివనం, మరక్కాణం ఇసుక నేలల్లో మార్గశిర, పుష్య మాసాల్లో వేసిన పుచ్చ మూడు నెలలకు చేతికొస్తుంది. దక్షిణాన పన్రుటి ఎర్రనేలల్లో పనస, జీడిమామిడి పక్కపక్కనే కాస్తాయి. ముంజలకైతే ప్రత్యేకంగా తోట అక్కర్లేదు, చేను గట్టున తాటిచెట్టుంటే చాలు.

వీటన్నిటికీ ఒకటే ఇబ్బంది: ఆగలేవు. పొద్దున కొట్టిన తాటిగెల మర్నాటికి ముదురుతుంది. ముదిరిన ముంజను ఎవరూ కొనరు. కోసిన పనస కొద్ది రోజుల్లో పండి, వాసనతో పిలిచి, చెడిపోతుంది. ధాన్యం బస్తా రేటు పెరిగేదాకా గాదెలో ఉండగలదు, ఇవి ఉండలేవు. అందుకే వేసవి కాపు పండించే రైతును మధ్యలో ఒక్కరోజు ఎవరు ఆపినా నష్టం అతనిదే.

గోరిమేడు దగ్గర ఆపింది ఒక గీత. ఫ్రెంచివారి పుదుచ్చేరి ఒకే ముక్కగా ఉండేది కాదు. దక్షిణ ఆర్కాటు పల్లెల మధ్య అతుకులు అతుకులుగా ఉండేది. ఒకే రైతు పొలానికి ఒకవైపు బ్రిటిష్ చట్టం, మరోవైపు ఫ్రెంచి చట్టం. 1941లో ఇరుపక్షాలూ సుంకాల ఒప్పందం చేసుకున్నాక కాస్త ఊపిరాడింది. 1949లో స్వతంత్ర భారత్ దాన్ని ముగించడంతో గీత మళ్లీ గట్టిపడింది. ఆ ఏడాది ఏప్రిల్ దాకా మద్రాసు ప్రభుత్వాన్ని నడిపింది దిండివనం దగ్గరి ఓమందూరుకు చెందిన రామస్వామి రెడ్డియార్. తెలుగు మూలాలున్న రైతు కుటుంబం ఆయనది. జమీందారీల రద్దు చట్టం ఆయన హయాంలోనే వచ్చింది. భూమి మీది పెత్తనాన్ని సడలించిన ఆ కాలమే సరుకు దారిని బిగించడం బాధ కలిగించే విషయం. 1954 నాటికి వ్యవహారం ఆర్థిక దిగ్బంధం దాకా వెళ్లింది. ఆ నవంబరు 1న ఫ్రెంచివారు అధికారం అప్పగించి వెళ్లారు.

గీత పోయినా రైతు, కొనేవాడు ఎదురెదురుగా నిలబడలేదు. మధ్యలో కమీషన్ వ్యాపారి నిలబడ్డాడు. ఆ దూరాన్ని తగ్గించడంలో తెలుగునాట జరిగిన పని పెద్దది. 1987లో పంజాబ్ వైపు మొదలైన ‘అప్నీ మండీ’ చూపిన దారిలో, 1999 జనవరి 26న ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు వచ్చాయి. రైతుకు గుర్తింపు కార్డు, కాటా, రోజూ పలకమీద రాసిన ధర. ఆ ధర టోకు రేటుకన్నా ఎక్కువ, బయటి చిల్లర రేటుకన్నా తక్కువ. అదే ఏడాది నవంబరులో మదురైలో తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి ‘ఉళవర్ సందై’ (రైతు సంత) తెరిచారు. అక్కడ రైతు గంపలకు బస్సు సౌకర్యం కూడా ఇచ్చారు. నా దృష్టిలో రెంటిలో అదే గొప్ప మెరుగు. పుచ్చకాయలు తలమీద మోసుకొచ్చే రైతుకు పలకమీది ధరకన్నా ముందు కావలసింది బండి.

ఇప్పుడు గోరిమేడులో జిప్‌మర్ ఉంది. 1823లో ఫ్రెంచివారు పెట్టిన వైద్య పాఠశాల నుంచి ఎదిగి, 1964లో ఆ పేరు తెచ్చుకున్న ఆసుపత్రి. ఆంధ్ర నుంచీ రోగులు వస్తారు, వెంట అయినవాళ్లు ఉంటారు. ఎండలో దాహం తీర్చే కాపు ఇంత దగ్గర పండుతుండగా, కొనే జనం ఇంతమంది ఉండగా, ఇక్కడి సంతలో తమిళనాడు వైపు వానూరు రైతు కార్డూ పుదుచ్చేరి వైపు విల్లియనూరు రైతు కార్డూ ఒకేలా చెల్లాలి. ముంజలు దింపే గీత కార్మికుడికి పొలం పట్టా ఉండకపోవచ్చు. అతని పేరు కూడా ఆ కార్డుల్లో ఉండాలి.