బిట్‌కాయిన్ వాడకం: ఎవరి అనుమతి?

బిట్‌కాయిన్ వాడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదన్న మాట ప్రోటోకాల్ (నెట్‌వర్క్ నడిచే నియమాల) పొలిమేర వరకు నిజమే. సతోషి నకమోటో అనే మారుపేరుతో దీని ప్రతిపాదన పత్రం 2008 అక్టోబరు 31న వెలువడింది. 2009 జనవరి 3న లావాదేవీల చిట్టాలో తొలి బ్లాకు ఏర్పడింది. ఇందులో ఖాతా తెరవడమంటూ ఏమీ లేదు. కంప్యూటరు ఊహకందని ఒక పెద్ద సంఖ్యను ఎంచుకుంటుంది. అదే రహస్య తాళంచెవి, చిరునామా పుట్టేదీ దాన్నుంచే. ఇంటర్నెట్ లేకున్నా ఈ పని అవుతుంది. లావాదేవీ అందుకున్న నోడ్ (నెట్‌వర్క్‌లోని కంప్యూటరు) సంతకం సరైనదేనా, ఆ సొమ్ము ముందే ఖర్చయిందా వంటి నియమాలనే సరిచూస్తుంది. పంపినవారి పేరూ దేశమూ దానికి తెలియవు. 2010 డిసెంబరులో వీసా, మాస్టర్‌కార్డ్, పేపాల్ వికీలీక్స్‌కు విరాళాల దారి మూసేశాయి. 2011లో ఆ సంస్థ బిట్‌కాయిన్ విరాళాలు తీసుకోవడం మొదలుపెడితే, కాదనడానికి మధ్యలో ఏ కంపెనీ లేదు.

లావాదేవీలను బ్లాకులో చేర్చేది మైనర్లే కదా, వారి ఇష్టమే అనుమతి కాదా అన్నది గట్టి అభ్యంతరం. ఒకరు వద్దన్న లావాదేవీని రుసుము కోసం మరొకరు చేరుస్తారు కాబట్టి ఏ ఒక్కరి నిరాకరణా చెల్లదు. 2021లో చైనా మైనింగును నిషేధించినప్పుడు నెట్‌వర్క్ గణనశక్తి దాదాపు సగానికి పడిపోయినా లావాదేవీలు ఆగలేదు. అయితే సగానికి మించిన శక్తి ఒక్కటైతే ఎవరినైనా వెలివేయగలదు. అంటే ఈ స్వేచ్ఛకు పూచీ హక్కుపత్రం కాదు, మైనర్ల మధ్య పోటీ.

చట్టం సంగతి వేరు. అనుమతి లేకుండా చేయగలగడం, చేస్తే శిక్ష పడకపోవడం ఒకటి కావు; ఈ రెంటినీ కలిపేయడం క్రిప్టో అభిమానులకు అలవాటు. భారతీయ రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో జారీచేసిన సర్క్యులర్ ప్రోటోకాల్ జోలికి పోలేదు, క్రిప్టో వ్యాపారానికి సేవలందించవద్దని బ్యాంకులనే ఆదేశించింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2022 నుంచి లాభాలపై 30 శాతం పన్ను ఉంది. 2023 మార్చిలో ఎక్స్ఛేంజీలు మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి. రూపాయి క్రిప్టోగా మారే గుమ్మం దగ్గరే కేవైసీ (గుర్తింపు రుజువులు) అడుగుతారు.

ప్రోటోకాల్ తెరిచి ఉన్నంత మాత్రాన దాని మీద కట్టినవన్నీ తెరిచి ఉండవు. 2022 ఆగస్టులో క్రిప్టో సొమ్ము జాడ తెలియకుండా కలగలిపే టోర్నడో క్యాష్‌పై అమెరికా ఖజానా శాఖ ఆంక్షలు పెట్టినప్పుడు, ఎథీరియం అనే మరో బ్లాక్‌చెయిన్‌పై ఉన్న దాని కోడ్ నడుస్తూనే ఉంది. ఆంక్షల జాబితాకెక్కిన చిరునామాల్లోని యూఎస్‌డీసీ అనే డాలరు విలువ టోకెన్లను మాత్రం, వాటిని జారీచేసే సర్కిల్ కంపెనీ స్తంభింపజేసింది. ఆ అధికారం యూఎస్‌డీసీ కోడ్‌లో మొదటినుంచీ ఉన్నదే.