మాట మధ్య పెట్టెలోంచి రావాలి: రంభలో మన తెలుగు వినికిడి చరిత్ర



సంఘం గదిలో నెలకొక తెలుగు సినిమా వేసుకుందామని, దానికి హాల్లోలాగా చుట్టూ వినిపించే సౌండు పెట్టుకుందామని పోయిన సమావేశంలో అనుకున్నాం. చందాల పెట్టెలో ఉన్నది 22,000 రూపాయలు. గది అదిరిపోయే వూఫరు కావాలని కుర్రాళ్లు అన్నారు. ఆ డబ్బుతో పిల్లలకి తెలుగు పుస్తకాలు కొంటే మేలని పెద్దలు అన్నారు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. అందుకే కొనే ముందు ఒకసారి వెనక్కి చూద్దామని ఈ వ్యాసం రాస్తున్నాం. మనం ఇక్కడ ఇన్నాళ్లూ తెలుగుని ఎలా వింటూ వచ్చామో గుర్తు చేసుకుంటే, ఇప్పుడు ఏ పెట్టె మీద డబ్బు పెట్టాలో దానంతట అదే తేలుతుంది.

గంజాం 1936 మార్చి ఆఖరుదాకా మద్రాసు రాజధానిలో ఉండేది. ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడింది, రంభ అటు వెళ్లింది. మనుషులు మాత్రం ఉన్నచోటనే ఉన్నారు. రాష్ట్రపతి అయిన వి.వి. గిరిగారు పుట్టింది మన బరంపురంలోనే, 1894లో. గోపాల్‌పూరు తీరంలో తెలుగు మత్స్యకారులు, బరంపురంలో తెలుగు కుటుంబాలు, లైను పొడుగునా రైల్వే వాళ్లు, అందరూ ఇక్కడివాళ్లే. రైలు అంతకు ముందే 1890లలో వచ్చింది. ఈస్ట్ కోస్ట్ అన్నారు, తరవాత బెంగాల్ నాగపూర్ అన్నారు, సౌత్ ఈస్టర్న్ అన్నారు, 2003 నుంచి మళ్లీ ఈస్ట్ కోస్ట్ అంటున్నారు. బోర్డులు మారాయి గాని చిలికా ఒడ్డున లైను అదే.

రాష్ట్రం మారాక మన పిల్లలకి బడిలో ఒడియా, ఆఫీసులో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు అయ్యాయి. నాన్నగార్ల బదిలీల వల్ల తమిళ మాధ్యమంలో చదివినవాళ్లం కూడా మనలో ఉన్నాం. మాకు తెలుగు అక్షరాలు పెద్దయ్యాక వచ్చాయి, తెలుగు మాత్రం చెవిలోంచి ముందే వచ్చేసింది. ఒక్క మాటలో చెప్పాలంటే ఇక్కడ మన భాషకి బడి చెవే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

ముందు రేడియో సంగతి. మద్రాసు ఆకాశవాణి 1938లో మొదలైంది. కటక్ కేంద్రం 1948 జనవరిలో, విజయవాడ కేంద్రం అదే ఏడాది డిసెంబరులో, విశాఖపట్నం కేంద్రం 1963లో వచ్చాయి. పగలు దగ్గర స్టేషన్లే పలికేవి. చీకటి పడ్డాక మీడియం వేవ్ పైన వాతావరణంలో తగిలి కిందికి తిరిగి వస్తుంది కాబట్టి దూరం స్టేషన్లు కూడా గరగరలాడుతూ అందేవి. అప్పుడు సిలోన్ కూడా దొరికేది. మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు వినని ఇల్లు ఆ రోజుల్లో తక్కువ. మాలాంటి వాళ్లకి సిలోన్ తమిళ ప్రసారం మరొక లాభం. ఇంత జరిగినా ఆ రేడియోకి ఉన్నది ఒకే స్పీకరు. పాటా, మాటా, వార్తలూ అన్నీ ఒకే గుడ్డ చాటునుంచి వచ్చేవి. పెట్టె ఎటు ఉంటే చెవులు అటు తిప్పేవాళ్లం.

సినిమా కూడా అంతే. తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. అప్పటినుంచి చాలా ఏళ్లు తెర వెనక ఒకే దారిలో శబ్దం. నాయకుడు తెర ఎడమ చివర నిలబడినా గొంతు మధ్యలోంచే వచ్చేది.

ఈ లోటు మొదట పట్టించుకున్నవాళ్లలో ఒకరు ఇంగ్లండులో ఇ.ఎం.ఐ. కంపెనీలో పనిచేసిన ఇంజినీరు ఆలన్ బ్లమ్‌లైన్. తెర మీద మనిషి ఒకవైపు, గొంతు ఇంకోవైపు ఉండడం ఆయనకి నచ్చలేదు. మనకి చెవులు రెండు కదా, శబ్దాన్ని కూడా రెండు దారుల్లో పట్టి రెండు పెట్టెల్లో వదిలితే అది ఎటునుంచి వస్తోందో మెదడు పోల్చుకుంటుంది అన్నారు. 1931 డిసెంబరులో పేటెంటుకి దరఖాస్తు పెట్టారు. ఈ రోజు స్టీరియో అంటున్నది అదే. 1935లో పరీక్ష కోసం తీసిన చిన్న ఫిల్ముల్లో ఒకటి ఏమిటో తెలుసా? హేయిస్ స్టేషన్లో రైళ్లు! రైలు తెరకి ఈ చివరనుంచి ఆ చివరకి పోతుంటే శబ్దం కూడా దానితో పాటు పోవాలి. రైల్వేలో పనిచేసిన మనలాంటి వాళ్లకి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు. కళ్లు మూసుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడినా మెయిలు ఎటునుంచి వస్తోందో చెప్పేస్తాం. ఆయన 1942లో, 38 ఏళ్లకే, రాడారు పరీక్షకి వెళ్లిన విమానం కూలి పోయారు.

అమెరికాలో బెల్ ప్రయోగశాల వాళ్లు 1933లో ఇంకో అడుగు వేశారు. ఫిలడెల్ఫియాలో వాద్యబృందం వాయిస్తుంటే టెలిఫోను తీగల మీద వాషింగ్టన్ హాలుకి పంపించారు. వాళ్లు వాడినవి రెండు దారులు కాదు, మూడు: ఎడమ, మధ్య, కుడి. పెద్ద హాల్లో అందరూ నడిమధ్య కూర్చోరు కదా. రెండే పెట్టెలుంటే, పక్కన కూర్చున్నవాడికి దగ్గర పెట్టె శబ్దం ముందు చేరుతుంది, మెదడు ముందు చేరినదాన్నే నమ్ముతుంది. అప్పుడు మధ్యలో ఉండాల్సిన గొంతు వాడికి ఒక మూలనుంచి వినిపిస్తుంది. మధ్యలో నిజంగానే ఒక పెట్టె ఉంటే ఎక్కడ కూర్చున్నా గొంతు తెర దగ్గరే నిలుస్తుంది. మధ్య స్పీకరు ఎందుకు అని అడిగినవాళ్లకి ఇదే జవాబు.

1940లో డిస్నీ ‘ఫాంటాసియా’ కోసం హాలు చుట్టూ స్పీకర్లు పెట్టారు. ఖర్చు విపరీతం కావడంతో కొన్ని హాళ్లకే పరిమితమైంది. 1953లో ‘ద రోబ్’ సినిమాస్కోపులో నాలుగు దారులతో వచ్చింది: ముందు మూడు, హాల్లో ప్రేక్షకుల చుట్టూ ఒకటి. మన దేశంలో ‘షోలే’ 1975లో 70 ఎం.ఎం. స్టీరియోతో, తెలుగులో కృష్ణగారి ‘సింహాసనం’ 1986లో 70 ఎం.ఎం. ఆరు ట్రాకులతో వచ్చాయి. ఆ ఆరు ట్రాకులు వినాలంటే దానికి తగిన యంత్రం ఉన్న పెద్ద హాలు కావాలి. మనలాంటి చిన్న ఊళ్ల దాకా వచ్చేది 35 ఎం.ఎం. ప్రింటే.

ఇక ఇళ్ల సంగతి. కాసెట్లతో రెండు పెట్టెల స్టీరియో మన ఇళ్లలోకి వచ్చింది. వీడియో వచ్చాక ఒక రాత్రికి అద్దెకి తెచ్చుకుని, వీధంతా కూర్చుని వరసగా తెలుగు సినిమాలు చూసిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. అదే కాలంలో డబ్బాల మీద పి.ఎం.పి.ఓ. అని వేలల్లో వాట్లు రాసి అమ్మేవారు. అది రెప్పపాటు కూడా నిలవని బలానికి వేసిన అంకె, దానికి ఒక పద్ధతీ పాడూ లేదు. నికరంగా పలికే బలం ఆర్.ఎం.ఎస్. వాట్లలో చూడాలి. ఇప్పటికీ అంతే.

తక్కువ డబ్బుతో చుట్టూ శబ్దం అన్నది కొత్త కోరిక కాదు. 1970 ప్రాంతంలో అమెరికాలో డేవిడ్ హాఫ్లర్ అనే ఆయన ఒక చవక ఉపాయం చెప్పారు. మామూలు స్టీరియో ఆంప్లిఫయరులో ఎడమ ప్లస్సుకీ కుడి ప్లస్సుకీ మధ్య ఒక స్పీకరు కలిపి వెనక గోడకి పెట్టమన్నారు. రెండు వైపులా సమానంగా ఉన్నది దానిలో కొట్టుకుపోతుంది, తేడా మాత్రమే పలుకుతుంది. గొంతు సాధారణంగా రెండు వైపులా సమానంగా ఉంటుంది కాబట్టి వెనక గొంతు రాదు. గాలి, చప్పట్లు, హాలు మోగుడు లాంటివి వస్తాయి. తరవాత డాల్బీ స్టీరియో వాళ్లు నాలుగు దారుల శబ్దాన్ని రెండు ట్రాకుల్లో ఇమిడ్చినప్పుడు వెనక శబ్దాన్ని దాచింది కూడా ఈ తేడాలోనే. అందుకే మామూలు వీడియో టేపులోంచి కూడా వెనక శబ్దం తియ్యగలిగారు. 1982లో ఇళ్లకి డాల్బీ సరౌండు, 1987లో మధ్య స్పీకరుని కూడా నడిపే ప్రో లాజిక్ వచ్చాయి. ఒక హెచ్చరిక: రెండు నెగిటివ్‌లూ లోపల ఒకటిగా కలిసి ఉన్న పాత రకం ఆంప్లిఫయరుకే హాఫ్లర్ ఉపాయం పనికొస్తుంది. ఇప్పటి చిన్న బోర్డుల్లో చాలావాటికి అలా ఉండదు, కలిపితే కాలిపోతాయి. మెకానిక్‌ని అడగకుండా ఎవరూ చెయ్యొద్దు.

1995లో ఈటీవీ మొదలయ్యాక కేబులు తీగ మీద తెలుగు రోజంతా మన ఇళ్లకి వచ్చింది. 1996 నుంచి డి.వి.డి.తో 5.1 వచ్చింది. ముందు మూడు, పక్కన కాస్త వెనగ్గా రెండు, ఇవి అయిదు. ఆ ‘.1’ అంటే లోతైన శబ్దం మాత్రమే పలికే వూఫరు. 2012లో తలపైనుంచి కూడా వినిపించే అట్మాస్ హాళ్లలోకి వచ్చింది, 2015లో ‘బాహుబలి’ అలాగే విన్నాం. మన గదికి మాత్రం 5.1 చాలు.

ఇంత చరిత్రలో తేలేది ఒకటే. తొంభై ఏళ్లుగా ఇంజినీర్లు పెట్టెలు పెంచుకుంటూ పోయింది హోరు కోసం కాదు, శబ్దం దాని చోటునుంచి రావడం కోసం. 5.1 సినిమాలో మాటలు దాదాపు అన్నీ మధ్య స్పీకరులోకే వస్తాయి. మన గదిలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లం. వయసుతో ముందు తగ్గేది సన్నని శబ్దాల వినికిడి, హల్లుల తేడా తెలిసేది అక్కడే. ‘పాట’కీ ‘పాత’కీ తేడా పోతే మాట పోయినట్టే. మన మనవలు తెలుగు చదవలేరు, వింటారు. ఆ పక్కన మెయిన్ లైను రైళ్ల మోత. అక్కడ వూఫరు ఇంకా మోత పెంచితే వాళ్ల చెవిలో పడేది దడదడే, తెలుగు కాదు.

అందుకని మా ప్రతిపాదన ఇది. హెచ్.డి.ఎం.ఐ. ఆర్క్ గాని ఆప్టికల్ గాని ఉన్న వాడిన రిసీవరుకి 9,000. ముందు మూడు స్పీకర్లకి, అందులో మధ్యది మంచిది చూసి, 8,000. రాగి వైరుకి 1,500. తెరలు, జంపఖానాలకి 1,500. మొత్తం 20,000. పక్క స్పీకర్లు రెండూ కొనక్కర్లేదు, మన అటకల మీద పాత స్టీరియో డబ్బాలు బోలెడున్నాయి, కోన్ చిరగకుండా ఉంటే చాలు. వూఫరు వచ్చే ఏడు చూద్దాం. మిగిలిన 2,000తో పిల్లలకి తెలుగు వాచకాలు. పెద్దల మాటా నిలుస్తుంది.

కొట్లో జాగ్రత్త. చవక సెట్ల మీద 5.1 అని రాసి ఉంటుంది, లోపల అన్ని పెట్టెల్లోనూ ఒకే స్టీరియో పలికేవి చాలా ఉన్నాయి. డాల్బీ డిజిటల్ విప్పే ఏర్పాటు ఉందా అని అడగండి, పరీక్ష వేయించి ఒక్కో పెట్టె విడిగా పలుకుతోందా చూడండి. స్పీకరు ఎన్ని ఓములో రిసీవరు వెనక రాసినదానితో సరిపోవాలి.

పెట్టే పద్ధతి కూడా చెప్పేస్తాం. ఎడమ, కుడి, కూర్చునే చోటు, మూడూ సమభుజ త్రికోణంలా ఉండాలి. మధ్యది తెర కిందే, చెవి ఎత్తుకి మొహం తిప్పి ఉండాలి. పక్కవి చెవికి కొంచెం వెనగ్గా, కొంచెం పైగా పెట్టాలి. శబ్దం అడుగు దూరానికి సుమారు ఒక మిల్లీసెకను తీసుకుంటుంది, కాబట్టి టేపు పట్టి దూరాలు కొలిచి రిసీవరుకి చెప్పాలి. సిమెంటు గోడలు, పలకల నేల ఉన్న గదిలో చప్పట్లు కొడితే టంగుమంటుంది. ఆ టంగు తగ్గేదాకా తెరలు, జంపఖానాలు వెయ్యాలి. ఆఖరున మధ్య స్పీకరుని రెండు మూడు డెసిబెల్‌లు పెంచి, రాత్రి మోడ్ పెడితే మాట పైకి తేలుతుంది. చిలికా ఉప్పుగాలికి వైరు చివరలు నల్లబడతాయి, ఏడాదికోసారి కత్తిరించి కొత్తగా బిగించాలి.

ఎవరింట్లో పాత స్పీకరు డబ్బాలు ఉన్నా ఆదివారం గదికి తీసుకురండి. బ్యాటరీ ఆనించి పలుకుతున్నాయో లేదో అక్కడే చూసేద్దాం. ఈ లెక్క మీద అభ్యంతరం ఉన్నవాళ్లు మొహమాటపడకుండా కింద రాయండి. వచ్చేటప్పుడు మనవల్ని కూడా తీసుకురండి. మాట తెలుస్తోందా లేదా అన్నది వాళ్లే చెప్పాలి.