అసాధారణం ఎవరికి?

సైన్సులో చాలా పేర్లు ఒక వస్తువు స్వభావాన్ని కాదు, అది మన కంటబడిన వరసని చెప్తాయి. ముందు దొరికింది మామూలుది, తర్వాత దొరికింది వింతది. "అసాధారణ టి కణాలు" అన్న పేరు కూడా అలా పుట్టిందేనని నాకనిపిస్తుంది.

1961లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల్లో థైమస్ గ్రంథిని తీసేసి చూశాడు. అప్పటిదాకా ఎందుకూ కొరగాదనుకున్న ఆ గ్రంథి లేకపోతే శరీరం జబ్బులతో పోరాడలేదని తేలింది. టి కణాలు తయారయ్యేది అక్కడే. అవి శత్రువుని నేరుగా గుర్తుపట్టవు. వేరే కణం తన ఒంటిమీద పెట్టి చూపించే ప్రోటీన్ ముక్కని గుర్తుపడతాయి. కొన్నాళ్లకి పాఠం ఇలా స్థిరపడింది.

ఆ పాఠానికి మొదటి బీట 1984లో పడింది. ఎంఐటీలో సుసుము టోనెగావా బృందం టి కణం గ్రాహకంలోని ఆల్ఫా గొలుసు జన్యువు కోసం వెతుకుతూ ఇంకో జన్యువుని పట్టుకుంది. అదే గామా. ఆ గొలుసుని వాడే గామా-డెల్టా కణాలు 1986లో బయటపడ్డాయి. 1997లో జపాన్‌లో మసారు తానిగుచి బృందం, ఎన్‌కేటీ కణాలు గుర్తుపట్టేది ప్రోటీన్‌ని కాదు, చక్కెర అతుక్కున్న కొవ్వునని చూపించింది. ఆ పదార్థానికి మూలం ఒక సముద్రపు స్పంజి. దాన్ని వెలికితీసింది కిరిన్ అనే బీరు కంపెనీ పరిశోధకులు!

మూడో మలుపులో మనవాడి నీడ ఉంది. 2012లో మెల్‌బోర్న్ శాస్త్రవేత్తలు, మెయిట్ కణాలకి ఎంఆర్1 అనే అణువు ఏం చూపిస్తుందో కనిపెట్టారు. బాక్టీరియా బి2 విటమిన్ తయారు చేసుకునేటప్పుడు పుట్టే పదార్థాలవి. మన కణాలు ఆ విటమిన్‌ని తయారు చేసుకోలేవు కాబట్టి, అవి కనబడ్డాయంటే పక్కన సూక్ష్మజీవి ఉన్నట్టే. అయితే ముందు ఎంఆర్1కి చిక్కింది వేరే అణువు. కణాల్ని పెంచే ద్రవంలోని ఫోలిక్ యాసిడ్ వెలుతురికి విరిగి పుట్టిన ముక్క అది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన లెడర్లే బృందం 1945లో కృత్రిమంగా తయారు చేసింది ఈ ఫోలిక్ యాసిడ్‌నే.

నాకు సోరియాసిస్ ఉంది. వారానికోసారి మెథోట్రెక్సేట్, ఇంకో రోజు ఫోలిక్ యాసిడ్ వేసుకుంటాను. మొదటి మందు కూడా లెడర్లేలో పుట్టిందే. "నీ శరీరమే నీమీద తిరగబడింది" అని నాతో చాలామంది అన్నారు. ఈ చరిత్ర చదివాక ఆ మాట నాకు మింగుడు పడటం మానేసింది.

2011లో ఎలుకల చర్మం మీద జరిగిన పరిశోధనల్లో, వాపుని రగిలించే ఐఎల్-17 అనే సంకేతాన్ని ఎక్కువగా వదిలేవి గామా-డెల్టా కణాలని తేలింది. మనుషుల సోరియాసిస్ మచ్చల్లోనూ అవి కనిపించాయి. అక్కడ మామూలు టి కణాలు కూడా ఆ సంకేతాన్ని వదులుతాయి. దాన్ని అడ్డుకునే సెక్యుకినుమాబ్‌కి 2015లో అమెరికాలో సోరియాసిస్ మందుగా అనుమతి వచ్చింది. చాలామందికి చర్మం తేటపడింది. కానీ ఆ మందు వాడినవాళ్లలో కొందరికి నోట్లో కాండిడా అనే ఫంగస్ చేరుతుంది. రోజూ దాన్ని గడప దాటనివ్వకుండా ఆపుతున్నది కూడా ఐఎల్-17నే మరి.

అంటే నా చర్మంలో ఉన్నది ద్రోహి కాదు, డ్యూటీ దిగడం మర్చిపోయిన కాపలాదారు. దాన్ని చంపేయడం వైద్యం కాదు. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు పడుకోవాలో దానికి ఎవరు చెప్తున్నారో కనుక్కోవాలి. అసలు ప్రశ్న అదే.