వేంబనాడ్ సరస్సులో హౌస్‌బోట్ విహారం

వేంబనాడ్ సరస్సులో హౌస్‌బోట్ విహారం కేరళ రాష్ట్ర పర్యాటక ఆకర్షణలలో ముఖ్యమైనది. పడక గదులు, వంటగది, కూర్చునే వసారా గల పెద్ద పడవను అద్దెకు తీసుకొని, మిత్రబృందాలు, కుటుంబాలు ఒక రాత్రి లేదా అంతకంటే ఎక్కువ కాలం నీటిపైనే గడపడం దీని విశేషం. ఈ పడవలను మలయాళంలో కెట్టువళ్ళం అంటారు. అలప్పుళ, కుమరకోం ఈ విహారానికి ప్రధాన కేంద్రాలు.

సరస్సు

వేంబనాడ్ కేరళలోని సరస్సులన్నింటిలో పెద్దది. దీని పొడవు సుమారు 96 కిలోమీటర్లు. ఇది అలప్పుళ, కొట్టాయం, ఎర్ణాకుళం జిల్లాలలో విస్తరించి ఉన్నది. పంపా, మణిమల, అచ్చన్‌కోవిల్, మీనచిల్ మొదలైన నదులు దీనిలో కలుస్తాయి. 2002లో వేంబనాడ్-కోల్ చిత్తడి నేలలు రామ్‌సార్ ప్రదేశాల జాబితాలో చేర్చబడినవి. సరస్సుకు దక్షిణాన ఉన్న కుట్టనాడులో సముద్రమట్టం కంటే దిగువనున్న నేలలలో వరి పండిస్తారు. ఈ సేద్య విధానానికి 2013లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ వారసత్వ గుర్తింపు లభించినది.

పడవల చరిత్ర, నిర్మాణం

మలయాళంలో "కెట్టు" అనగా కట్టు, "వళ్ళం" అనగా పడవ. అంజిలి చెక్క పలకలను మేకులు లేకుండా కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టి బిగించడం వలన ఈ పేరు వచ్చినది. చెక్క నీటికి నానకుండా జీడిపిక్కల నుండి తీసిన నల్లని జిగురును పూస్తారు. పైకప్పును వెదురుతోను, చాపలతోను నిర్మిస్తారు. పూర్వం ఈ పడవలు కుట్టనాడు ధాన్యాన్ని, సుగంధ ద్రవ్యాలను కొచ్చి రేవుకు చేరవేసేవి. పెద్ద పడవలు సుమారు 30 టన్నుల వరకు సరకు మోసేవి. రోడ్లు, వంతెనలు, లారీలు వచ్చిన తరువాత ఈ రవాణా క్షీణించినది. 1990వ దశకంలో వీటిని పర్యాటకుల నివాసానికి అనువుగా మార్చడంతో ఈ వృత్తికి మరల జీవం వచ్చినది.

విహార క్రమం

సాధారణంగా మధ్యాహ్నం 12 గంటల ప్రాంతంలో పడవ ఎక్కుతారు. సాయంత్రం సుమారు 5:30కి పడవను ఒడ్డున కట్టివేస్తారు. చీకటి పడిన తరువాత మత్స్యకారులు సరస్సులో వలలు వేస్తారు గనుక రాత్రివేళ పడవను నడపరు. మరునాటి ఉదయం ఫలహారం తరువాత కొద్దిసేపు తిప్పి, 9 గంటల ప్రాంతంలో రేవుకు చేరుస్తారు. కావున "ఒక రోజు విహారం"లో పడవ కదిలే సమయం ఆరేడు గంటలకు మించదు. చాలా పడవలలో ఏసీ రాత్రివేళ మాత్రమే పనిచేస్తుంది. సరంగు, వంటవాడు, సహాయకుడు పడవలోనే ఉంటారు. భోజనంలో కరిమీన్ చేప వేపుడు ప్రసిద్ధి. శాకాహారులు ముందుగా తెలియజేయడం మంచిది.

మార్గంలో పున్నమడ, పాతిరామణల్ దీవి, కుమరకోం పక్షి సంరక్షణ కేంద్రం చూడదగినవి. నెహ్రూ ట్రోఫీ పడవ పందేలు పున్నమడలో జరుగుతాయి. 1952లో జవహర్‌లాల్ నెహ్రూ పర్యటనతో ఇవి ఆరంభమైనవి.

భద్రత

2002 జూలై 27న కుమరకోం సమీపంలో పరిమితికి మించి ప్రయాణికులతో వస్తున్న పడవ మునిగి 29 మంది మరణించారు. అది హౌస్‌బోట్ కాకపోయినా, ఆ ప్రమాదం ఇదే సరస్సులో జరిగినది. బృందంగా వెళ్ళేవారు ఖర్చు తగ్గించుకొనుటకు చిన్న పడవలో ఎక్కువ మంది ఎక్కడం, ఛాయాచిత్రాల కొరకు అందరూ ఒకే వైపున చేరడం ప్రమాదకరం. నమోదు పత్రం, అనుమతించిన వ్యక్తుల సంఖ్య, మనిషికొక లైఫ్ జాకెట్, అగ్నిమాపక పరికరం ఉన్నవో లేవో బయానా ఇవ్వక ముందే చూసుకోవలెను. మద్యం సేవించి నీటిలో దిగరాదు.

సరస్సుకు ముప్పు

కుట్టనాడు పొలాలలోకి ఉప్పునీరు రాకుండా 1970వ దశకంలో తణ్ణీర్‌ముక్కం ఆనకట్ట నిర్మించారు. వేసవిలో దీని తలుపులు మూసి ఉంచడం వలన పంటకు మేలు జరిగినా, ఆటుపోట్ల రాకపోకలు ఆగి దక్షిణ భాగంలో మురుగు నిలుస్తున్నది. చేపల వలసకు ఆటంకం కలిగి, గుర్రపుడెక్క పెరుగుతున్నది. హౌస్‌బోట్‌ల డీజిల్, మరుగుదొడ్ల వ్యర్థాలు, ప్లాస్టిక్ ఈ నిలువ నీటికి అదనపు భారం. ఒడ్డున నివసించేవారు బట్టలు ఉతుకుటకు, స్నానమునకు ఈ నీటినే వాడతారు. మత్స్యకారులకు, గుల్లలు ఏరేవారికి ఇదే బ్రతుకుతెరువు. అతిథి ఒక రాత్రి ఉండి వెళ్ళినా, అతడు వదలిన చెత్త వారి ముంగిటనే మిగులుతుంది. చెత్తను తిరిగి రేవుకు తీసుకొనిరావడం, వ్యర్థాల ట్యాంకు ఉన్న పడవనే ఎంచుకోవడం, రాత్రి పాటల హోరు తగ్గించడం ప్రతి బృందానికీ సాధ్యమైన పనులు. ఆగస్టు 2018 వరదలలో కుట్టనాడు ప్రజలను తరలించుటకు హౌస్‌బోట్‌లు కూడా వినియోగించబడినవి. ఒడ్డువారికి, ఈ పడవలకు గల బంధం వ్యాపారంతోనే ముగియదని దీనివలన తెలుస్తున్నది.

ప్రయాణ సౌకర్యాలు

వర్షాలు తగ్గిన తరువాత, నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. ధన్‌బాద్-అలప్పుళ ఎక్స్‌ప్రెస్ రాజమండ్రి, విజయవాడల మీదుగా నడుస్తుంది. సికింద్రాబాదు నుండి శబరి ఎక్స్‌ప్రెస్‌లో కొట్టాయం చేరి, అక్కడి నుండి బస్సులో కుమరకోం వెళ్ళవచ్చును. సమీప విమానాశ్రయం కొచ్చిలో కలదు. కేరళ పడవల నమూనాలో ఆంధ్రప్రదేశ్‌లోని కోనసీమ ప్రాంతపు దిండి వద్ద కూడా గోదావరిపై హౌస్‌బోట్‌లు ప్రవేశపెట్టబడినవి.