శాంతా గెర్‌ట్రూడిస్ గృహమాత: హెన్రియెట్టా కింగ్ గారి జీవితము

శతవార్షికోత్సవ సంచికలలో మిషనెరీ దొరల, తొలి ఉపదేశకుల, బైబిలు స్త్రీల చరిత్రలు వ్రాయుట మన వాడుక. అది న్యాయమే. అయితే పాదిరిగారి ఇంట పుట్టి, పొలమును పశువులను చూచుకొనుచు, ఆ పనిలోనే విశ్వాసము కాపాడుకొనిన ఒక గృహిణి చరిత్రను ఈసారి చదువరుల ముందుంచ దలచితిమి. ఈమె మన దేశస్థురాలు కాదు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రములో పశువులను, గుఱ్ఱములను పెంచు మహా క్షేత్రమునకు యజమానురాలు.

హెన్రియెట్టా గారు 1832 జూలై 21న మిస్సోరి రాష్ట్రములోని బూన్‌విల్‌లో జన్మించిరి. మూడేండ్ల ప్రాయముననే తల్లిని పోగొట్టుకొనిరి. తండ్రి హైరమ్ చాంబర్లెయిన్ గారు ప్రెస్బిటేరియన్ మిషనెరీ. ఆయన 1850 ప్రాంతమున మెక్సికో సరిహద్దున నున్న బ్రౌన్స్‌విల్ పట్టణమునకు సేవకై వెళ్లినప్పుడు, ఇల్లు దొరకక ఆ కుటుంబము నదిలోని ఒక ఓడలో కాపురముండెను. అచ్చటనే ఆమెకు రిచర్డ్ కింగ్ అను ఓడ కెప్టెనుతో పరిచయమాయెను. ఆయన బీద ఐరిష్ కుటుంబములో పుట్టి, బాల్యముననే ఓడ యెక్కి పారిపోయి వచ్చిన మొరటు మనిషి. వారి వివాహము 1854 డిసెంబరు 10న జరిగెను.

అంతకు ముందు సంవత్సరమే కెప్టెను గారు శాంతా గెర్‌ట్రూడిస్ వాగు యొద్ద 15,500 ఎకరములను 300 డాలర్లకు కొనియుండిరి. నూతన దంపతుల మొదటి ఇల్లు కఱ్ఱలతో, మట్టితో కట్టిన గుడిసె. వంట సామాను గది చాలనందున పెద్ద పళ్లెములను బయటి గోడకు తగిలించితిమని ఆమె తరువాత జ్ఞాపకము చేసికొనిరి.

ఆ కాలమున మెక్సికోలోని క్రూయిల్యాస్ గ్రామము కరువుచే బాధపడుచుండెను. కెప్టెను గారు ఆ గ్రామపు పశువులను కొని, పిదప మనుష్యులను కూడ రమ్మని పిలిచిరి. నూరు మందికి పైగా పిల్లలతో, సామానులతో తరలి వచ్చిరి. వీరికే కినేన్యోలు, అనగా కింగ్ గారి మనుష్యులు, అని పేరు వచ్చెను. గుఱ్ఱపు స్వారీలో వారికి వారే సాటి. వారి ఇండ్లను, బిడ్డల చదువును విచారించినది హెన్రియెట్టా గారే.

అమెరికా అంతర్యుద్ధములో కెప్టెను గారు దక్షిణ రాష్ట్రముల పక్షమున ప్రత్తి వ్యాపారము చేసిరి. 1863 డిసెంబరులో ఉత్తరపు సైనికులు ఇంటిపై బడిరి. ఆయన అప్పటికే తప్పించుకొని పోయిరి. గర్భవతియైన భార్య, పిల్లలు ఇంట నుండిరి. లోపల కుటుంబమున్నది, కాల్చవద్దని కేక వేయబోయిన ఫ్రాన్సిస్కో అల్వరాడో అను సేవకుడు తూటా తగిలి మరణించెను. రెండు నెలలకు పుట్టిన చివరి కుమారుడు 1883లో న్యుమోనియాతో మృతినొందెను. 1885 ఏప్రిల్ 14న భర్తయు గతించిరి.

అప్పుడామెకు సంక్రమించినవి రెండు: సుమారు 5 లక్షల ఎకరముల భూమి, సుమారు 5 లక్షల డాలర్ల అప్పు. అల్లుడు రాబర్ట్ క్లెబర్గ్ గారి సాయముతో ఆమె అప్పు తీర్చి, భూమిని పెంచిరి. 40 ఏండ్లు నల్లని వస్త్రములే ధరించిరి. 1904లో రైలు మార్గమునకు స్థలమిచ్చి కింగ్స్‌విల్ పట్టణమును వెలయించి, అక్కడి క్రయపత్రములలో మద్యము అమ్మరాదను షరతు వ్రాయించిరి. దేవాలయములకు, బడులకు, కార్పస్ క్రిస్టీలోని కాథలిక్కుల ఆసుపత్రికి కూడ స్థలములిచ్చిరి. ఆమె కాలముననే ఓల్డ్ సారెల్ అను ఎఱ్ఱ గుఱ్ఱము క్షేత్రమునకు వచ్చెను. దాని మనుమడు వింపీయే 1941లో అమెరికా క్వార్టర్ హార్స్ పట్టికలో మొదటి సంఖ్య పొందినది.

ఇందులో మన ప్రాంతపు పాలు కూడ కలదు. 1910 మొదలు అక్కడ షార్ట్‌హార్న్ ఆవులతో అమెరికా బ్రాహ్మన్ జాతిని కలిపి శాంతా గెర్‌ట్రూడిస్ అను పశుజాతిని సిద్ధపరచిరి. ఆ బ్రాహ్మన్ జాతికి మూలమైన వాటిలో, నెల్లూరు పశువులని విదేశములలో పేరొందిన మన ఒంగోలు జాతి ఒకటి.

ఈ చరిత్రలో నీడ లేదని మేము చెప్పము. 1848లో ఆ సీమ అమెరికా వశమైన పిదప, మెక్సికన్ కుటుంబముల భూములు అనేకము క్రయము వలనను, వ్యాజ్యముల వలనను, బలాత్కారము వలనను చేతులు మారినవి. అట్టి సీమలో ఒక్క కుటుంబమునకు అంత భూమి తగునా అని చరిత్రకారులు అడుగుచునే యున్నారు. విశ్వాసి ఇంటి తలుపు నొద్ద ఆ ప్రశ్న ఆగిపోదు. భక్తి గలవారి ఆస్తియైనను దేవుని లెక్కలోనికి రావలసినదే.

1925 మార్చి 31న ఆమె ప్రభువునందు నిద్రించునాటికి ఆ భూమి 10 లక్షల ఎకరములు దాటినది. భూస్థాపన దినమున సుమారు 200 మంది కినేన్యోలు క్షేత్రపు ముద్ర గల గుఱ్ఱములపై వెంట నడిచిరి. టోపీలు చేతబట్టి, ఒక్కొక్కరు సమాధి చుట్టు ఒకసారి గుఱ్ఱమును నడిపి వీడ్కోలు చెప్పిరి.

మన సంఘములకును పూర్వులు విడిచిన పొలములు, బడులు, ఆసుపత్రులు కలవు. వాటితోపాటు తీర్చవలసిన ఋణములును కలవు. వాటిలో కొన్ని రూకలతో తీరునవి కావు. నూరేండ్ల పండుగనాడు పూర్వుల పేరు పలుకుట తేలిక. వారు విడిచిన దానిని అమ్ముకొని తినక, ఋణము తీర్చి, పిల్లలకు అప్పగించుట కష్టము. ఆ కష్టమైన పనికి ప్రభువు మనలను బలపరచును గాక.