కమ్మనుండి కాగితమునకు: టెక్కలిసీమ కత్తిరింపుకళ

కాగితమును చాకుతో కోసి, మడచి, త్రిభుజ చతురస్రాది రూపములుగ నిలబెట్టు కళ పాశ్చాత్యులనుండి మనకు ఇటీవల వచ్చినదని పలువురు తలంతురు. ఇది సగమే సత్యము. కాగితము పరదేశమునుండి వచ్చినది. కోతయు మడతయు అంతకు పూర్వమే మనకు కలవు. దీనికి శాసనములకంటె భాషయే ముఖ్యసాక్షి.

'కాగితము' పారసీకమునుండి వచ్చిన పదము. అంతకు ముందు మనకున్నది తాటియాకు. దానికి 'కమ్మ' యని పేరు. దానిపై వ్రాయుటచే జాబునకును కమ్మ యను పేరే కలిగెను. చుట్టిన తాటియాకును చెవికి ధరించుటచే కర్ణభూషణమునకును ఆ పేరే నిలిచెను. నేడు బంగారముతో చేసినను అవి కమ్మలే. చదునైన ఆకు చుట్టుటచే ఘనరూపము దాల్చినదని ఈ పదమే తెలుపుచున్నది.

టెక్కలి, పలాసలకు చేరువనున్న ఉద్దానతీరము కొబ్బరి, జీడిమామిడి తోటల సీమ. కొబ్బరి పెరుగు చోట్ల ఈనె తీసిన ఆకుపాయలతో పిల్లలకు ఆరు ముఖముల బంతిని అల్లుదురు. దానికి జిగురు వలదు, కొలబద్ద వలదు. పాయల వెడల్పు సమానము కానిచో బంతి కుదురదు. అల్లువారికి 'సమఘనము' అను పేరు తెలియకపోయినను దాని నియమము తెలియును.

ఇట్టి హస్తజ్ఞానమును శాస్త్రముగ చెప్పిన గ్రంథము మద్రాసునందు 1893లో వెలువడినది. టెక్కలి నాడు ఆ రాజధానిలోని గంజాం జిల్లాలోనిది. 1936లో విశాఖపట్టణము జిల్లాకును, 1950లో శ్రీకాకుళము జిల్లాకును చేరినది. గ్రంథకర్త డిప్యూటీ కలెక్టరు టి. సుందరరావు. జర్మనీ దేశీయుడైన ఫ్రోబెల్ శిశువిద్యావిధానమునందలి కాగితపు మడతలే ఆయనకు ప్రేరణము. చాకు, కాగితపు ముక్కలు తప్ప వేరు సాధనము లేకుండ రేఖాగణితమును ఆయన బోధించెను. గణితజ్ఞుడు ఫెలిక్స్ క్లైన్ 1895లో దీనిని పేర్కొనెను. 1901లో చికాగోలో పునర్ముద్రణము జరిగెను. సుందరరావుగారు ఆకుబంతిని చూచి వ్రాసిరని నా వాదము కాదు. రెండింటి మార్గము ఒక్కటే యని మాత్రమే చెప్పుచున్నాను.

2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరితోటలను కూల్చినది. నాటిన తోట మరల పెరుగును. ఆకుబొమ్మ కొలది దినములలో వాడిపోవును. నేర్పువారును నేర్చువారును ఉన్నంతవరకే ఆ విద్య నిలుచును. తాటియాకుపై వ్రాసినదానిని భద్రపరచు మనము, ఆకుతో చేసినదానిని ఉపేక్షించుట తగదు. పరిశోధక విద్యార్థులు గ్రామవృద్ధులకడ కూర్చుండి రూపముల పేర్లను, కోతలను, మడతల వరుసను వ్రాసికొనవలెను. అట్టి సేకరణము లేనిదే మన కత్తిరింపుకళకు చరిత్ర వ్రాయుట సాధ్యము కాదు.